సరుకు పక్కదారి పడితే: ఎగుమతి నియంత్రణలపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: ఎగుమతి నియంత్రణలు, ఆంక్షలున్న దేశాలకు సరుకు మూడో దేశం మీదుగా చేరిపోవడం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. రాసినవాళ్ల పేర్లు, కంపెనీల వివరాలు తీసేశాను. మీ కేసు ఇప్పటికే అధికారుల దగ్గరికి వెళ్లి ఉంటే మాత్రం ఈ పేజీ చదివి ఆగిపోకండి, లాయరుతో మాట్లాడండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కంపెనీలో సేల్స్‌లో ఉన్నానండీ. ఈ మధ్య వేరే దేశం నుంచి ఒక కొత్త పార్టీ వచ్చింది. కంపెనీ పెట్టి ఏడాది కూడా కాలేదు. వెబ్‌సైట్ చూస్తే ఏం వ్యాపారం చేస్తారో అర్థం కాదు. రేటు దగ్గర బేరం ఆడలేదు, మొత్తం డబ్బు ముందే పంపేస్తామంటున్నారు. సరుకు వాళ్ల ఆఫీసుకి కాకుండా ఒక ఫ్రైట్ ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఏజెంటు) అడ్రసుకి పంపమంటున్నారు. దేనికి వాడతారని అడిగితే 'ఇండస్ట్రియల్ యూజ్' అని ఒక ముక్క రాశారు. మా మేనేజర్‌గారేమో 'కాయితాలన్నీ ఉన్నాయి, డబ్బు వచ్చింది, ఇంక నీకెందుకయ్యా టెన్షన్' అంటున్నారు. ఆర్డర్ వదిలేస్తే నా టార్గెట్ పోతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ టెన్షన్‌కి కారణం ఉంది, దాన్ని అణిచిపెట్టుకోకండి. అమెరికా వాణిజ్య శాఖలో ఎగుమతి నియంత్రణలు చూసే విభాగం, బీఐఎస్ అంటారు, అమ్మేవాళ్లు గమనించాల్సిన అనుమానపు గుర్తుల జాబితా ఒకటి ప్రచురించింది. అందరూ వాటిని రెడ్ ఫ్లాగ్స్ అనే పిలుస్తారు. వ్యాపార నేపథ్యం పెద్దగా లేని కొత్త కస్టమర్, మామూలుగా అప్పు మీదో వాయిదాల మీదో కొనే ఖరీదైన వస్తువుకి మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తాననడం, ఇన్‌స్టలేషన్ గానీ ట్రైనింగ్ గానీ వద్దనడం, సరుకు చివరికి చేరే చోటుగా ఫ్రైట్ ఫార్వర్డర్ పేరు రాయడం, ఈ సరుకు మీ దేశంలోనే వాడతారా లేక ఇంకెక్కడికైనా పంపుతారా అంటే మాట దాటేయడం, ఇవన్నీ అందులో ఉన్నవే. మీరు రాసిన ఉత్తరంలో వీటిలో చాలా కనిపిస్తున్నాయి.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అవతలి మనిషి దొంగ అయిపోడు. కొత్త కంపెనీలు నిజాయితీగా పనిచేసేవి బోలెడు, ముందుగా డబ్బు కట్టేవాళ్లూ ఉంటారు. కానీ అనుమానం వచ్చాక దాన్ని తీర్చుకోకుండా సరుకు పంపడమే నేరం వైపు మొదటి అడుగు. అమెరికా ఎగుమతి నియంత్రణల చట్టంలో 'తెలిసి చేయడం' అంటే కళ్లారా చూసి చేయడం మాత్రమే కాదు. ఇలా జరిగే అవకాశం బాగా ఉందని తెలిసి కూడా కావాలని అడక్కుండా ఊరుకోవడం కూడా తెలిసి చేసినట్టే లెక్క. అంటే 'నేను అడగలేదు కాబట్టి నాకు తెలియదు' అనే మాట కోర్టులో మిమ్మల్ని కాపాడదు, పైగా మీరు ఎందుకు అడగలేదనే ప్రశ్న మీ మెడకే చుట్టుకుంటుంది.

'కాయితాలన్నీ ఉన్నాయి' అనే మాట గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సరుకును పక్కదారి పట్టించేవాడు అన్నిటికంటే శ్రద్ధగా తయారుచేసేది కాయితాలనే. 2003లో జరిగింది చెప్తాను. ట్రిగ్గర్డ్ స్పార్క్ గ్యాప్ అని ఒక చిన్న విద్యుత్ పరికరం ఉంది. కిడ్నీలో రాళ్లను పగలగొట్టే యంత్రంలో అది ఉంటుంది. అణుబాంబును పేల్చే వ్యవస్థలో కూడా పనికొస్తుంది. దక్షిణాఫ్రికాలోని ఒక వ్యాపారి అలాంటివి 200 అమెరికా నుంచి ఆర్డర్ చేశాడు. కాయితాల మీద కొనుగోలుదారు సొవెటోలోని ఆస్పత్రి. ఒక ఆస్పత్రికి అవి కొన్ని చాలు, 200 ఏం చేసుకుంటుంది? అజ్ఞాత వ్యక్తి ఒకరు అధికారులకు సమాచారం ఇచ్చారు. తయారీ కంపెనీ అధికారులతో సహకరించి, మొదటి విడతగా పంపిన 66 పరికరాలూ పనిచేయకుండా చేసి పంపింది. అవి దక్షిణాఫ్రికా చేరి, అక్కడి నుంచి పాకిస్థాన్‌కు వెళ్లాయి. ఆ వ్యాపారి 2004 జనవరిలో అమెరికాలో దిగగానే అరెస్టయ్యాడు. ఆ ఇన్వాయిస్‌లో తప్పు పట్టడానికేమీ లేదు, అంకె మాత్రం ఆస్పత్రికి నప్పలేదు. మీ మేనేజర్‌గారికి చెప్పండి, చూడాల్సింది కాయితం ఉందా లేదా అని కాదు, ఈ కొనేవాడికి ఈ వస్తువు ఇంత ఎందుకు అని.

ఇప్పుడు చెయ్యాల్సింది. కస్టమర్‌ని రాతపూర్వకంగా అడగండి: చివరికి వాడేది ఎవరు, ఫ్యాక్టరీ ఎక్కడ, ఏ ఉత్పత్తిలో ఇది పెడతారు, మీరే వాడతారా లేక అమ్ముతారా, అమ్మితే ఎవరికి. ఏం రాస్తే సరిపోతుందో మీరే అందించకండి, ఈ పొరపాటు సేల్స్ వాళ్లు బాగా చేస్తారు, 'సార్, సివిల్ యూజ్ అని రాసేయండి చాలు' అంటారు. ఆ మెయిల్ తర్వాత మీకే ఉరితాడు. వచ్చిన జవాబుని తీసుకుని ఆ దేశపు కంపెనీల రిజిస్టర్‌లో పేరు, డైరెక్టర్లు, పెట్టిన తేదీ చూడండి. అడ్రసుని మ్యాప్‌లో చూడండి, ఒకే గదిలో వంద కంపెనీలు రిజిస్టరై ఉన్న చోటైతే అది ఇంకో గుర్తు. అమెరికా ప్రభుత్వం తాను ఆంక్షలు పెట్టిన మనుషులు, కంపెనీల జాబితాలన్నీ ఒకచోట కలిపి ఉచితంగా వెతుక్కునేలా పెట్టింది, అందులో కంపెనీ పేరే కాదు, అడ్రసు కూడా కొట్టి చూడండి, ఎందుకంటే పేరు మార్చడం తేలిక, అడ్రసు మార్చడానికి బద్ధకిస్తారు. సరుకు తీసుకునే ఫార్వర్డర్‌ని కూడా వెతకండి.

జవాబులు పొంతన కుదిరితే హాయిగా అమ్మండి. కుదరకపోతే మీ అనుమానాలు మేనేజర్‌గారికి మెయిల్‌లో పెట్టండి. నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు. అది ఆయన్ని ఇరికించడానికి కాదు, కంపెనీలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగారని రికార్డు ఉండాలి. ఎండ్ యూజ్ డిక్లరేషన్ (సరుకు దేనికి వాడతారో చెప్పే కాయితం) మీద మీకు నమ్మకం లేకుండా సంతకం పెట్టకండి. టార్గెట్ పోతుందన్నారు. పోతుంది, నిజమే, దానికి నా దగ్గర తియ్యటి మాట లేదు. కానీ అమెరికా చట్టం కింద ఉద్దేశపూర్వక ఉల్లంఘనకి మనిషికి పడే గరిష్ఠ శిక్ష 20 ఏళ్ల జైలు, ఒక్కో ఉల్లంఘనకి 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ శిక్ష కంపెనీకే కాదు, సంతకం పెట్టిన మనిషికి కూడా.

ప్రశ్న: మేం అమ్మేది బాల్ బేరింగులు, కెపాసిటర్లు. ఎక్కడ పడితే అక్కడ దొరికే వస్తువులు. వీటికీ యుద్ధానికీ ఏం సంబంధం? తుపాకులు, క్షిపణులు ఆపుకోండి గానీ మమ్మల్ని ఎందుకు వేధిస్తారు?

జవాబు: మీ కోపం అర్థమైంది, కానీ మీరు పేరు పెట్టిన రెండు వస్తువులూ జాబితాలో ఉన్నాయి.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, యుద్ధభూమిలో దొరికిన రష్యా ఆయుధాలను విప్పి చూశారు. లండన్‌లోని రుసి అనే పరిశోధన సంస్థ 2022 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. 27 ఆయుధ వ్యవస్థల్లో కనీసం 450 రకాల విదేశీ విడిభాగాలు కనిపించాయని అందులో ఉంది. వాటిలో చాలావరకు మామూలు ఎలక్ట్రానిక్ భాగాలే, ప్రత్యేకంగా సైన్యం కోసం చేసినవి కావు. దాంతో అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్ కలిసి ఉమ్మడిగా ఒక జాబితా పెట్టుకున్నాయి. అందులో 50 హెచ్‌ఎస్ కోడ్‌లున్నాయి (ఏ సరుకో గుర్తించడానికి కస్టమ్స్ వాళ్లు వాడే అంతర్జాతీయ సంఖ్యలు), వరుసలుగా విడదీశారు. మొదటి వరుసలో ఉన్న నాలుగు కోడ్‌లూ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లవే. కెపాసిటర్లు, బేరింగులు తర్వాతి వరుసల్లో వస్తాయి. క్షిపణి తయారుచేయడానికి రహస్య వస్తువులు కొన్నే కావాలి, మామూలు వస్తువులు వేలల్లో కావాలి. రహస్య వస్తువుకి కాపలా ఎప్పటి నుంచో ఉంది, మామూలు వస్తువు దగ్గరే తలుపు బార్లా తెరిచి ఉంది.

ఇది కొత్త కథ కూడా కాదు. థయోడైగ్లైకాల్ అనే రసాయనం ఉంది. బాల్‌పెన్నుల సిరాలో, బట్టల రంగుల్లో వాడతారు. దాన్ని ఇంకొక్క మెట్టు మారిస్తే మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు. 1980లలో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక వ్యాపారి అది వేయి టన్నులకు పైగా సద్దాం హుసేన్ ప్రభుత్వానికి చేరేలా చేశాడు. 1988 మార్చిలో హలబ్జా పట్టణంలో కుర్దులపై రసాయన దాడి జరిగి వేలమంది చనిపోయారు. బట్టల పరిశ్రమకి అనుకున్నానని అతను వాదించాడు. హేగ్ కోర్టు 2005లో యుద్ధనేరాలకు తోడ్పడ్డాడని 15 ఏళ్ల శిక్ష వేసింది, అప్పీలులో 2007లో దాన్ని 17 ఏళ్లకు పెంచారు. అతను ఎవరినీ చంపలేదు, సరుకు అమ్మాడంతే. ఇరాక్ ఇలా బహిరంగ మార్కెట్‌లో రసాయనాలు కొనుక్కుంటోందని తేలాకే 1985లో ఆస్ట్రేలియా గ్రూప్ పుట్టింది, అలాంటి రసాయనాల ఎగుమతికి లైసెన్సు ఉండాలని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి.

అందుకే మీరు బేరింగులమ్మే మనిషైనా సరే, మీ కోడ్ ఆ 50లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. అరగంట పని.

ప్రశ్న: లాజిస్టిక్స్ చదువుతున్న విద్యార్థినిని. సరుకు నిజంగా ఎలా దారి మళ్లుతుందో అర్థమయ్యేలా చెప్తారా మేడమ్? క్లాసులో నియమాలు చెప్తారు గానీ జరిగేది చెప్పరు.

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, జరిగినవే చెప్తాను, వాటినుంచి పద్ధతులు నీకే కనిపిస్తాయి.

మొదటిది వస్తువు గురించి అబద్ధం చెప్పడం. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో పశ్చిమ దేశాలు 1949లో కోకామ్ అనే కమిటీ పెట్టుకుని సోవియట్ కూటమికి ఏం వెళ్లకూడదో జాబితా రాసుకున్నాయి. అయినా జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్ కంపెనీ తొమ్మిది అక్షాల మిల్లింగ్ యంత్రాలను 1980ల మొదట్లో లెనిన్‌గ్రాడ్‌కు అమ్మింది. వాటిని నడిపే కంట్రోలర్లు నార్వేలోని కాంగ్స్‌బర్గ్ నుంచి వెళ్లాయి. లైసెన్సు కాయితాల్లో అదే యంత్రాన్ని సాదాసీదా యంత్రంగా చూపించారు. ఆ యంత్రాలతో జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చప్పుడు తగ్గేలా చెక్కుకోవచ్చు. లావాదేవీలో ఉన్న ఒక వాణిజ్య సంస్థ ఉద్యోగే బయటపెట్టాడు. 1987లో గొడవ ఎంత పెద్దదైందంటే, అమెరికా కాంగ్రెస్ సభ్యులు పార్లమెంటు భవనం ముందు తోషిబా రేడియోను సమ్మెటలతో పగలగొట్టారు, మాతృసంస్థ చైర్మన్, ప్రెసిడెంట్ ఇద్దరూ రాజీనామా చేశారు.

రెండోది కొనేవాడి గురించి అబద్ధం. 1999 మార్చిలో ఉక్రెయిన్ నుంచి 68 టన్నుల ఆయుధాలు బుర్కినా ఫాసో రాజధానికి విమానంలో వెళ్లాయి. చివరికి వాడేది ఎవరో చెప్పే ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌లో ఆ ఆయుధాలు తమ సైన్యం కోసమేనని, వేరెవరికీ ఇవ్వబోమని రాసి ఉంది. కొద్ది రోజుల్లోనే అవి లైబీరియాకు మళ్లాయి, అక్కడి నుంచి సియెర్రా లియోన్ తిరుగుబాటుదారుల చేతికి. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2000లో ఇదంతా నివేదికలో పెట్టింది. ఆ యుద్ధంలో పసిపిల్లల చేతులు కూడా నరికారు. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ చూసినప్పుడల్లా నాకు ఆ కేసే గుర్తొస్తుంది.

మూడోది దారి పొడిగించి జాడ చెరిపేయడం. ఉత్తర కొరియాకు విలాస వస్తువులు అమ్మకూడదని భద్రతా మండలి 2006లో 1718 తీర్మానంలో చెప్పింది. అయినా 2018 జూన్‌లో రెండు ఖరీదైన మెర్సిడెస్ కార్లు కంటైనర్లలో రోటర్‌డామ్ నుంచి బయల్దేరి చైనాలోని దాలియన్, అక్కడి నుంచి జపాన్‌లోని ఒసాకా, తర్వాత దక్షిణ కొరియాలోని బూసాన్, తర్వాత రష్యాలోని నఖోద్కా వైపు వెళ్లాయి. ఆఖరి విడతలో ఓడ తన జాడ చెప్పే సిగ్నల్ ఆపేసింది. ఆ తర్వాత విమానంలో ప్యాంగ్యాంగ్ చేరి ఉంటాయని వాషింగ్టన్‌లోని పరిశోధకుల అంచనా. దారిలో ప్రతి రేవులోనూ సరుకు చట్టబద్ధంగానే కనిపించింది, ఎందుకంటే ప్రతి రేవూ చూసేది తన ముందటి మజిలీని, తన తర్వాతి మజిలీని మాత్రమే.

ఇవన్నీ ఒకేచోట కలిసిన కేసు బీబీసీ చైనా ఓడది. మలేషియాలో ఒక ఫ్యాక్టరీ యురేనియం శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజ్ యంత్రాల భాగాలు చేసింది, అవి చమురు, గ్యాస్ పరిశ్రమకి అనుకున్నామని చెప్పింది. సరుకు దుబాయ్ చేరింది. అక్కడి నుంచి పాత యంత్ర భాగాలనే పేరుతో కంటైనర్లలో లిబియాకు బయల్దేరింది. 2003 అక్టోబర్‌లో ఓడను ఇటలీలోని టారంటో రేవుకి మళ్లించి విప్పి చూస్తే పాకిస్థాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ.ఖాన్ రహస్య నెట్‌వర్క్ సరుకని తేలింది. ఆ డిసెంబర్‌లో లిబియా తన అణ్వాయుధ కార్యక్రమాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. 2004 ఏప్రిల్‌లో భద్రతా మండలి 1540 తీర్మానం చేసి, ప్రతి దేశమూ ఇలాంటి సరుకు మీద ఎగుమతి నియంత్రణ చట్టం పెట్టుకోవాల్సిందే అంది. భారత్‌లోని 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం, ఎగుమతికి అనుమతి కావాల్సిన వస్తువుల స్కోమెట్ జాబితా ఈ కోవలోవే.

ఇప్పుడు రష్యా విషయంలో జరుగుతున్నది కూడా కొత్త పద్ధతేం కాదు. 2022 తర్వాత యూరప్ నుంచి కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, ఆర్మేనియా లాంటి దేశాలకు ఎగుమతులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి, హాంకాంగ్, టర్కీ, యూఏఈల మీదుగా చిప్‌లు ప్రవహించాయి. ఆ దేశాల్లో జనాభా పెరగలేదు, ఫ్యాక్టరీలు రాత్రికి రాత్రి పుట్టలేదు. నీ చదువుకి ఇదే అన్నిటికంటే పనికొచ్చే పాఠం అనుకుంటాను: వాణిజ్య గణాంకాలు చదవడం నేర్చుకో. ఒక దేశం ఒక కోడ్‌లో ఒక్క ఏడాదిలో అంత ఎక్కువ ఎందుకు కొంటోంది అని అడగడం చేతనైన మనిషి దొరకడం కష్టం.

ప్రశ్న: మా కంపెనీ అమెరికాలో లేదు, మేం అమెరికాకు అమ్మం కూడా. వాళ్ల చట్టం మాకెందుకు వర్తిస్తుంది?

జవాబు: వాళ్ల చట్టం సరుకు వెంట నడుస్తుంది. అమెరికాలో పుట్టిన వస్తువు ప్రపంచంలో ఎక్కడున్నా, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కదిలితే దాన్ని రీ-ఎక్స్‌పోర్ట్ అంటారు, దానికీ లైసెన్సు కావాల్సి రావచ్చు. మీ యంత్రంలో నియంత్రిత అమెరికా భాగాల విలువ 25 శాతం దాటితే యంత్రం మొత్తం వాళ్ల నిబంధనల కిందికి వస్తుంది. ఇరాన్, సిరియా, ఉత్తర కొరియా, క్యూబా లాంటి చోట్లకైతే ఆ హద్దు 10 శాతం. అమెరికా సాంకేతికతతో వేరే దేశంలో తయారైన వస్తువు మీద కూడా కొన్ని సందర్భాల్లో చట్టం పడుతుంది. హువావేకు హార్డ్ డిస్కులు అమ్మినందుకు 2023 ఏప్రిల్‌లో సీగేట్ మీద 30 కోట్ల డాలర్ల జరిమానా పడింది ఈ నియమం కిందే.

ఒక దేశపు చట్టం ప్రపంచమంతా తిరగడం న్యాయమా అంటే, నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. ఒక వ్యాపారి తాను ఓటు వెయ్యని దేశపు శాసనానికి లోబడాల్సి రావడం చిన్న విషయం కాదు. కానీ మీరు డాలర్లలో చెల్లింపు తీసుకుంటున్నా, వాళ్ల చిప్ వాడుతున్నా, ఆ చర్చ గెలిచేదాకా ఆగి లెక్క చూసుకోవడం మానేస్తే నష్టపోయేది మీరే. యూరప్ వాళ్ల దగ్గర కొంటుంటే ఇంకొకటి చూడండి: 2024 మార్చి 20 నుంచి అక్కడి ఎగుమతిదారులు కొన్ని రకాల సరుకు అమ్మేటప్పుడు, ఇది రష్యాకు మళ్లీ ఎగుమతి చెయ్యకూడదు అనే షరతు ఒప్పందంలో పెట్టి తీరాలి. ఆ పేరా చదవకుండా సంతకం పెట్టేవాళ్లు చాలామంది.

ప్రశ్న: నేను ఫ్రైట్ ఫార్వర్డింగ్‌లో ఉన్నాను. పెట్టె మూసి ఇస్తారు, మేం పంపుతాం. లోపల ఏముందో మా పూచీ కాదు కదా?

జవాబు: మూసిన పెట్టె సంగతి కొంతవరకు నిజం, తెలిసి చేసిన పనికి మాత్రం పూచీ ఉంది. ఉల్లంఘన జరిగిందని లేదా జరగబోతోందని తెలిసి ఆ సరుకును మొయ్యడం, నిల్వ చెయ్యడం, డబ్బు సర్దుబాటు చెయ్యడం, ఏదైనా సరే నేరమే. బయల్దేరాక గమ్యం మార్చమని ఫోన్ రావడం, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ సరుకు రసీదులో) కన్‌సైనీ, అంటే సరుకు అందుకునేవాడి పేరు ఆఖరి నిమిషంలో మారడం, వస్తువు బరువుకీ వర్ణనకీ పొంతన లేకపోవడం, ఇవి మీకు కనిపించినంతగా అమ్మినవాడికి కూడా కనిపించవు. కనిపించినప్పుడు ఆపి అడగండి.

ప్రశ్న: డ్రాయింగులు మెయిల్‌లో పంపితే అది కూడా ఎగుమతేనా?

జవాబు: అవును. నియంత్రిత వస్తువు తయారీకి పనికొచ్చే డ్రాయింగ్, సాఫ్ట్‌వేర్, సాంకేతిక సమాచారం మెయిల్‌లో వెళ్లినా, పెన్‌డ్రైవ్‌లో వెళ్లినా, లాప్‌టాప్‌లో విమానమెక్కినా ఎగుమతే. అమెరికా నిబంధనల్లోనైతే తమ గడ్డ మీదే ఒక విదేశీయుడికి చూపించినా ఆ మనిషి దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. ఫైళ్లు క్లౌడ్‌లో పెట్టే ముందు ఎవరెవరికి యాక్సెస్ ఉందో చూసుకోండి.

ప్రశ్న: ఆంక్షలంటే పెద్ద దేశాలు చిన్న దేశాల పీక నొక్కడమే. ఇరాక్‌లో మందుల్లేక పిల్లలు పోయారు. మీరు మాత్రం ఆ నియమాలు పాటించమని పాఠాలు చెప్తున్నారు. మీకు బాధ లేదా?

జవాబు: ఉంది. ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను.

1990 ఆగస్టులో భద్రతా మండలి 661 తీర్మానంతో ఇరాక్ మీద దాదాపు సంపూర్ణ నిషేధం పెట్టింది. కాయితం మీద మందులకు మినహాయింపు ఉంది. కానీ నీళ్లు శుభ్రం చేసే క్లోరిన్, పంపులు, విద్యుత్ పరికరాలు ఆయుధాలకు కూడా పనికొస్తాయన్న అనుమానంతో భద్రతా మండలి ఆంక్షల కమిటీలో నెలల తరబడి ఆగిపోయేవి. మురికి నీళ్లు తాగిన జనానికి మందులకు మినహాయింపు ఉందని చెప్తే ఏం లాభం? 1996లో ఒప్పందమైన 'చమురుకు ఆహారం' పథకం కొంత ఊరట ఇచ్చింది, 2002 మేలో పరిశీలించాల్సిన వస్తువుల జాబితా విడిగా రాసి మిగతావి వదిలారు, అదైనా పన్నెండేళ్లు గడిచాక. దీన్ని సమర్థించను. మొత్తం దేశానికి తాళం వేసే పద్ధతి తప్పు అని నా నమ్మకం.

ఇప్పటికీ ఇంకో రూపంలో అదే జరుగుతోంది. మందులు అమ్మడానికి చట్టం ఒప్పుకున్నా బ్యాంకు డబ్బు పంపదు, ఓడ కంపెనీ సరుకు ఎక్కించదు, ఎందుకంటే వాళ్లకి రిస్కు కంటే వదిలేయడం చవక. ఇరాన్‌లో చర్మం ఊడిపోయే అరుదైన జబ్బున్న పిల్లలకు ప్రత్యేకమైన కట్లు అందకపోవడం గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులే రాశారు. 2022 డిసెంబర్‌లో 2664 తీర్మానం చేసి ఐక్యరాజ్యసమితి ఆస్తుల స్తంభన ఆంక్షలన్నిటి నుంచి మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చారు. మంచి అడుగు. కానీ అది దేశాలు సొంతంగా పెట్టిన ఆంక్షలకు వర్తించదు.

అయితే మీరొక మాట వినాలి. పైన చెప్పిన స్పార్క్ గ్యాప్ కేసులో ఆ వ్యాపారి వాడుకున్నది ఆస్పత్రి పేరు. ఆయుధానికి కావాల్సిన వస్తువును రోగి పేరు మీద తెప్పించిన ప్రతిసారీ, తర్వాత నిజంగా రోగి కోసం అడిగిన ఆస్పత్రిని కూడా అనుమానంగా చూస్తారు, లైసెన్సు ఆలస్యమవుతుంది, బ్యాంకు వెనక్కి తగ్గుతుంది. సరుకు పక్కదారి పట్టించేవాడు ఆంక్షల బాధితుల పక్షాన ఉన్న మనిషి కాదు, వాళ్ల దారి మూసేసే మనిషి. హలబ్జాలో చనిపోయినవాళ్లు కూడా చిన్న జాతి వాళ్లే. ఆంక్షలు తప్పనిపిస్తే వాటి మీద పోరాడండి, రాయండి, ఓటు వెయ్యండి, లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టండి, మందుల సరుకైతే జనరల్ లైసెన్సు (విడిగా దరఖాస్తు అక్కర్లేని, ముందే ఇచ్చిన అనుమతి) కింద వెళ్తుందేమో చూడండి. తప్పుడు ఇన్వాయిస్ మీద వెళ్లిన పెట్టె ఏ పసివాడి ప్రాణమూ కాపాడదు.

ప్రశ్న: పోయిన ఏడాది మేం అమ్మిన సరుకు ఆంక్షలున్న దేశంలో తేలిందని ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఇప్పుడు తెలిసింది. మేం అప్పుడు అనుమానించలేదు. ఆఫీసులో కొందరు పాత మెయిల్స్ తీసేద్దాం అంటున్నారు. నిద్ర పట్టడం లేదండీ.

జవాబు: మెయిల్స్ ముట్టుకోకండి. ఒక్కటి కూడా. ఈ రాత్రే ఐటీ వాళ్లకి చెప్పి, పాత మెయిల్స్ వాటంతటవే డిలీట్ అయ్యే సెట్టింగ్ ఉంటే ఆపించండి.

జడ్‌టీఈ కథ తెలుసుకోండి. చైనాకు చెందిన ఆ టెలికాం కంపెనీ అమెరికా భాగాలున్న పరికరాలను ఇరాన్‌కు పంపింది. దర్యాప్తు మొదలయ్యాక ఇరాన్ ప్రస్తావనలన్నీ డేటాబేసుల్లోంచి తీసెయ్యడానికి 13 మందితో ఒక బృందం పెట్టింది, వాళ్ల మెయిల్స్ ఆటోమేటిక్‌గా డిలీట్ అయ్యేలా చేసింది. 2017 మార్చిలో నేరం ఒప్పుకుని, మొత్తం 119 కోట్ల డాలర్ల జరిమానాకు తలవంచింది. అంతటితో అయిపోలేదు. బాధ్యులైన ఉద్యోగులపై చర్య తీసుకున్నామని అధికారులకు చెప్పింది అబద్ధమని తేలడంతో 2018 ఏప్రిల్‌లో అమెరికా సరుకేదీ ఆ కంపెనీకి అందకుండా ఆదేశం వచ్చింది. వారాల్లోనే కంపెనీ ప్రధాన కార్యకలాపాలు ఆగిపోయాయి. మళ్లీ బతకడానికి ఇంకో 100 కోట్ల డాలర్లు కట్టి, 40 కోట్లు విడిగా జమ చెయ్యాల్సి వచ్చింది. దాచినందుకు, అబద్ధమాడినందుకు పడిన దెబ్బ సరుకు పంపినందుకు పడిన దెబ్బకి తక్కువేం కాదు.

మీ పరిస్థితి అది కాదు. మీరు తెలియక అమ్మారు, ఇప్పుడు తెలిసింది. ముందు ఆ డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లాల్సిన మిగతా సరుకు ఆపండి, స్పేర్ పార్టులు, సర్వీసు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా, ఎందుకంటే ఇప్పుడు మీకు తెలుసు, ఇకమీదట ఇచ్చే ప్రతిదీ తెలిసి ఇచ్చినదే అవుతుంది. ఏ సరుకు, ఎంత, ఎవరి ద్వారా, ఏ తేదీన, ఏ కాయితం మీద వెళ్లిందో వరుసగా రాసి పెట్టండి. ఈ రంగం తెలిసిన లాయరుని పట్టుకోండి, మామూలు కంపెనీ లాయరు సరిపోడు. మీ సరుకు మీద ఏ దేశపు చట్టం పడుతుందో చూసి, స్వచ్ఛందంగా వెల్లడించే దారి ఉందేమో ఆయనే చెప్తారు. అమెరికా ఆర్థిక శాఖలో ఆంక్షలు చూసే విభాగమైన ఓఫాక్ పద్ధతిలో, తనంతట తాను చెప్పుకున్నవాళ్లకి, కేసు మరీ ఘోరమైనది కాకపోతే, జరిమానా లెక్క మొదలయ్యేదే సగం దగ్గర. అధికారులు ముందే పట్టుకున్నాక చెప్తే ఆ తగ్గింపు ఉండదు, కాబట్టి వారాలు గడపకండి.

మెయిల్స్ తీసేద్దామన్నవాళ్లకి ఈ జవాబు ప్రింట్ తీసి ఇవ్వండి.